వాలు నేల మీద హెలికాప్టర్ దించడం, లేపడం: దిగువ స్కిడ్ ఆనకపోతే ఏం చేయాలి?

గగన_పథికుడు
అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా. ప్రస్తుతం అమెరికాలోని ఆరిజోనాలో రాబిన్సన్ ఆర్44 హెలికాప్టర్ మీద కమర్షియల్ లైసెన్సుకు శిక్షణ పొందుతున్నాను. ఈ వారం వాలు నేల పాఠాలు మొదలయ్యాయి. సమతల నేల మీద హోవర్ (గాలిలో ఒకే చోట నిలపడం), దించడం, లేపడం చేతికి వచ్చాయి. వాలు మీద మాత్రం ఎగువ వైపు స్కిడ్ (చక్రాలకు బదులు అడుగున ఉండే రెండు పట్టీల్లో ఒకటి) నేలను తాకినప్పటి నుంచి దిగువ స్కిడ్ ఆనేదాకా ఉండే ఆ కొద్ది సేపు నాకు అంతుపట్టడం లేదు. అప్పుడు యంత్రం ఎగురుతున్నట్టూ కాదు, దిగినట్టూ కాదు. సైక్లిక్‌ను (రోటర్‌ను కావలసిన వైపు వంచే కర్రను) ఎగువ వైపు ఎంతవరకు తీసుకెళ్లాలి? ఎక్కడ ఆపేసి వెనక్కి లేవాలి? పొర్లడం మొదలైతే వెంటనే ఎదురు సైక్లిక్ ఇస్తే నిలబడదా? కుడి స్కిడ్ ఎగువన ఉన్నా, ఎడమ స్కిడ్ ఎగువన ఉన్నా పద్ధతి ఒకటేనా?

శిక్షకుడు బాగానే చెబుతున్నారు. అయినా మన భాషలో, కొండల్లో నడిపినవారి నోట వినాలని ఉంది.

పాత_చీతా
బాబూ, సైన్యంలో ఎక్కువ కాలం చీతా హెలికాప్టర్ నడిపాను. లడఖ్‌లో సమతలంగా ఉన్న చోటు దొరకడమే అరుదు. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

వాలు మీద హెలికాప్టర్‌ను దించేది కలెక్టివ్, అంటే రోటర్ ఎత్తే బలాన్ని మొత్తంగా పెంచి తగ్గించే లివర్. సైక్లిక్ పని, ఆనిన స్కిడ్‌ను ఆనిన చోటే పట్టి ఉంచడం. ఈ రెండు పనులూ మనసులో కలిసిపోతేనే చేతులు తడబడతాయి.

కొండ ఎగువ మీ ఒక భుజం వైపు, దిగువ రెండో భుజం వైపు ఉండేలా హోవర్‌లో నిలవండి. కదలిక పూర్తిగా ఆగాలి. పక్కకు కొంచెం జారుతున్నా సరే, ఆ స్థితిలో స్కిడ్‌ను నేలకు ఆనించకూడదు. కలెక్టివ్ కొద్దికొద్దిగా తగ్గిస్తే ఎగువ స్కిడ్ ముందు తాకుతుంది. అక్కడ ఆగండి. బరువులో చాలా భాగం ఇంకా రోటర్ మీదే ఉంది. స్కిడ్ కింద రాయి ఉందా, నేల మెత్తగా ఉందా అన్నది మీ నడుముకు అప్పుడే తెలుస్తుంది. తరువాత కలెక్టివ్ తగ్గిస్తూ, యంత్రం దిగువకు జారకుండా సైక్లిక్‌ను ఎగువ వైపు తీసుకెళ్లండి. దిగువ స్కిడ్ కిందికి వస్తున్న కొద్దీ యంత్రం దిగువకు వాలుతుంది. రోటర్ తిరిగే తలం మాత్రం ఇంచుమించు క్షితిజానికి సమాంతరంగానే ఉండాలి. ఆ తేడాను పూడ్చేది సైక్లిక్. వాలు ఎన్ని డిగ్రీలుంటే ఇంచుమించు అన్ని డిగ్రీల సైక్లిక్ ఖర్చవుతుంది.

దీంతో మీ రెండో ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది. దిగువ స్కిడ్ ఆనకముందే సైక్లిక్ చివరికి వచ్చేసిందంటే ఆ నేల మీ హెలికాప్టర్‌కు పనికిరాదు. ఇంకొంచెం తగ్గిస్తే ఆనుతుందేమో అనే ఆశ పెట్టుకోవద్దు. కలెక్టివ్‌ను అంతే మెల్లగా పెంచి, యంత్రాన్ని సమం చేసుకుని, నిటారుగా లేచి వేరే చోటు వెతకండి. సైక్లిక్ పూర్తిగా అయిపోయేదాకా కూడా ఆగవద్దు, కొంత మిగిలి ఉండగానే నిర్ణయం తీసుకోండి. గాలి ఒక్కసారి విసిరితే ఆ మిగులే మిమ్మల్ని కాపాడుతుంది.

రెండు స్కిడ్‌లూ ఆనాక కూడా రోటర్ ఆర్పీఎం తగ్గించకండి. కలెక్టివ్ పూర్తిగా కిందికి చేరి, యంత్రం జారడం లేదని తేలాకే సైక్లిక్‌ను మెల్లగా మధ్యకు తెచ్చుకోవాలి. కలెక్టివ్ అడుగుకు చేరేదాకా మీరు దిగినట్టు కాదు. ఏ క్షణంలోనైనా మానుకుని లేచే హక్కు మీకు ఉంటుంది.

చూపు విషయం కూడా గుర్తుంచుకోండి. కళ్లు దూరంగా, అసలైన క్షితిజం మీద ఉండాలి. దగ్గరి నేలనే చూస్తుంటే కన్ను ఆ వాలునే సమతలంగా తీసుకుంటుంది. చెయ్యి కూడా దాన్ని అనుసరించి వంగుతుంది.

రోటర్_గణితం
నేను పైలట్‌ను కాను, హెలికాప్టర్ డైనమిక్స్‌లో పనిచేసే ఇంజనీర్‌ను. ఎదురు సైక్లిక్ గురించి అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే ప్రాణాలు పోయేది అక్కడే.

గాలిలో ఉన్న హెలికాప్టర్ తన గురుత్వ కేంద్రం చుట్టూ వంగుతుంది. ఒక స్కిడ్ నేలకు పట్టుకున్న క్షణం నుంచి ఆ స్కిడ్ చుట్టూ వంగుతుంది. చక్రం రాయికి తట్టుకున్న ఎడ్లబండి ఆ చక్రం మీదుగానే పక్కకు పడినట్టు. ఇక్కడ తేడా ఏమిటంటే బండిని పైకి లాగే శక్తి ఏదీ ఉండదు, హెలికాప్టర్‌కు రోటర్ ఉంది. యంత్రం వంగితే రోటర్ కూడా దాంతోపాటే వంగి అదే దిశలో లాగుతుంది.

ఒక నమూనా లెక్క వేద్దాం. మాస్ట్ (రోటర్‌ను మోసే నిలువు కడ్డీ) నుంచి స్కిడ్ దాకా పక్కదూరం 1.1 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 1.3 మీటర్లు అనుకోండి. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, ఏ ఒక్క మోడల్‌వీ కావు. రోటర్ లిఫ్ట్ ఏమీ లేకుండా ఆ యంత్రాన్ని పక్కకు వంచుతూ పోతే సుమారు 40 డిగ్రీల దగ్గర గానీ తిరగబడదు. లిఫ్ట్ బరువులో సగం ఉంటే ఆ హద్దు 21 డిగ్రీలకు పడిపోతుంది. 80 శాతం ఉంటే సుమారు 9 డిగ్రీలు. 90 శాతం ఉంటే 5 డిగ్రీల లోపే. ఇందులో గాలినీ, టెయిల్ రోటర్ తోపునూ, వంగుతున్న వేగాన్నీ కలపలేదు. అవి కలిస్తే హద్దు ఇంకా తగ్గుతుంది.

అంటే యంత్రం స్కిడ్‌ల మీద తేలికగా ఉన్నప్పుడే అత్యంత ప్రమాదం. పథికుడు గారు ‘ఎగురుతున్నట్టూ కాదు, దిగినట్టూ కాదు’ అన్న ఘడియ సరిగ్గా అదే.

ఇప్పుడు ఎదురు సైక్లిక్ సంగతి. సైక్లిక్ ఇస్తే రోటర్ తలం వంగాలి, దాంతో పుట్టిన మలుపు బలం దొర్లుతున్న మొత్తం ద్రవ్యరాశిని ఆపాలి. దీనికి సమయం పడుతుంది. ఆ లోపల లిఫ్ట్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. కలెక్టివ్ తగ్గిస్తే తిరగదోసే బలమే తగ్గుతుంది, బరువు యంత్రాన్ని తిరిగి నేల మీదికి లాగుతుంది. పైన చెప్పిన లెక్కలో 90 శాతం నుంచి 50 శాతానికి దిగితే హద్దు 5 నుంచి 21కి పెరిగింది చూడండి. ఇలా ఆనిన స్కిడ్ చుట్టూ పొర్లిపోవడాన్నే డైనమిక్ రోలోవర్ అంటారు. దానికి మందు కలెక్టివ్ తగ్గించడమే, ఎదురు సైక్లిక్ ఒక్కటే చాలదు.

పాత_చీతా
గణితం గారి మాటకు ఒక చేర్పు. తగ్గించాలి కదా అని కలెక్టివ్‌ను ఒక్కసారిగా కిందికి కొట్టకూడదు. వాలు మీద ఎగువ స్కిడ్ చుట్టూ వంగుతున్న యంత్రాన్ని దభీమని వదిలితే దిగువ స్కిడ్ నేలను గట్టిగా గుద్దుకుంటుంది. ఆ ఊపుతో ఈసారి దిగువ వైపుకు పొర్లవచ్చు. తడబాటు లేకుండా, ఆలస్యం లేకుండా, కానీ చేతి అదుపులో తగ్గించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి నుంచీ చేతుల కదలిక నిదానంగా ఉంటే వంపు వేగం పుట్టనే పుట్టదు. మీ శిక్షకుడు ‘నెమ్మదిగా’ అంటున్నది అందుకే.

తూనీగ
నేను పౌర విమానయానంలో ఉన్నాను. హెచ్125, బెల్ 407 రెండూ నడుపుతాను. కుడి, ఎడమ ప్రశ్నకు నా జవాబు.

పద్ధతి ఒకటే, ప్రమాదం ఒకటి కాదు. మీ ఆర్44 రోటర్ పైనుంచి చూస్తే అపసవ్య దిశలో తిరుగుతుంది. అలాంటి యంత్రాల్లో టెయిల్ రోటర్ తోపు యంత్రాన్ని కుడికి జరుపుతుంది. అది సరిచేయడానికి హోవర్‌లో రోటర్ తలాన్ని కొంచెం ఎడమకు వంచి ఉంచుతాం. కాబట్టి ఎడమ స్కిడ్ కాస్త కిందికి వేలాడుతుంది. ఇప్పుడు కుడి స్కిడ్ నేలకు తగులుకుంటే టెయిల్ రోటర్ తోపు కూడా ఆ స్కిడ్ మీదుగా పొర్లించే దిశలోనే పనిచేస్తుంది. దానికి ఎడమ నుంచి వీచే గాలి, కుడి వైపు ఎక్కువైన బరువు తోడైతే పరిస్థితి మరీ చెడ్డది. అందుకే అమెరికా శిక్షణ పుస్తకాలు కుడి స్కిడ్ గురించి హెచ్చరిస్తాయి.

అసలు విషయం ఇకపై ఉంది. లైసెన్సు తీసుకుని మన దేశానికి వచ్చాక మీకు హెచ్125 దొరికిందనుకోండి. దాని రోటర్ సవ్య దిశలో తిరుగుతుంది. చీతా, చేతక్, మి-17 కూడా అంతే. మీరు కంఠస్థం చేసిన కుడి ఇక్కడ ఎడమ అవుతుంది. బెల్ 407 మళ్లీ అపసవ్యమే. అందుకని కుడి, ఎడమ అని బట్టీ పట్టకండి. టెయిల్ రోటర్ నన్ను ఎటు తోస్తోంది, ఆ వైపు స్కిడ్ ఏది అని ఆలోచించడం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

గగన_పథికుడు
తూనీగ గారూ, ఇది నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ధన్యవాదాలు. మరొక సందేహం. ముక్కు ఎగువ వైపు పెట్టి దించితే తోక లోయ వైపు ఉంటుంది కదా, టెయిల్ రోటర్‌కు నేల తగిలే భయం ఉండదు. అదే సురక్షితం కాదా? పైగా ఎన్ని డిగ్రీల వరకు దించవచ్చని నా మాన్యువల్‌లో ఎక్కడా కనిపించలేదు.

తూనీగ
డిగ్రీల సంగతి ముందు. చాలా హెలికాప్టర్లకు మామూలుగా 5 డిగ్రీలనే గరిష్ఠంగా తీసుకోమని శిక్షణలో చెబుతారు. అంతకు మించితే మీ యంత్రం మాన్యువల్ స్పష్టంగా అనుమతించాలి. హెచ్125 తరగతిలో ముక్కు ఎగువకు 10, ముక్కు దిగువకు 6, పక్కవాటుకు 8 డిగ్రీలు. అమెరికా సైన్యపు బ్లాక్‌హాక్ హెలికాప్టర్‌కు ముక్కు ఎగువకు, పక్కవాటుకు 15, ముక్కు దిగువకు 6. ఆ 15లో కూడా గాలి వేగం ప్రతి 5 నాట్లకు 2 డిగ్రీల చొప్పున తగ్గించుకోవాలి. గాలిని డిగ్రీల్లోకి మార్చి చూపే ఆ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. వేరే యంత్రం నడిపేవారు ఆ అంకెలు వాడకూడదు గానీ, గాలి పెరిగితే వాలు తగ్గాలనే ఆలోచన అందరికీ వర్తిస్తుంది.

రాబిన్సన్ కంపెనీ సేఫ్టీ నోటీసుల్లో 9వది డైనమిక్ రోలోవర్ గురించే. మాన్యువల్ చివర ఉంటుంది, తప్పక చదవండి.

పాత_చీతా
ముక్కు ఎగువకు పెట్టడం గురించి తూనీగ గారి అంకెలు మాత్రమే చూసి నిర్ణయించుకోకండి. అంకెల్లో అది ఉదారంగా కనిపిస్తుంది. కానీ ముక్కు ఎగువన ఉంటే రోటర్ ముందంచు కొండకు దగ్గరవుతుంది. హోవర్‌లో లోయకేసి ఎత్తుగా ఉన్న తోక, స్కిడ్ వెనుక భాగం దిగుతున్న కొద్దీ నేలకు చేరువవుతుంది. వెనుక ఒక పొద ఉన్నా, రాయి ఉన్నా మీకు కనిపించదు. పక్కవాటుగా దిగితే ఎగువ వైపునూ దిగువ వైపునూ తల తిప్పి చూసుకోవచ్చు. ఇరుకు చోట వేరే దారి లేనప్పుడు ముక్కు ఎగువ సరే, శిక్షణలో ఉన్నవారికి పక్కవాటే మేలు.

ముక్కు దిగువకు మాత్రం వద్దే వద్దు. తోక నేరుగా కొండకేసి ఉంటుంది. పైన చెప్పిన యంత్రాల్లో ఆ అంకె చిన్నదిగా ఉండటానికి కారణం అదే.

తూనీగ
అంగీకరిస్తాను. నేను మాన్యువల్ ఏం అనుమతిస్తుందో చెప్పాను, మీరు ఏది మంచిదో చెప్పారు. మంచు మీద, దుమ్ములో పక్క కిటికీలోంచి నేల కనిపించనప్పుడు ముక్కు ఎగువ నాకు సౌకర్యంగా అనిపిస్తుందని మాత్రం చెప్పక తప్పదు.

నేలమీది_మనిషి
నేను పైలట్‌ను కాదండీ. ఊరు శ్రీకాకుళం జిల్లా, పని ఉత్తరాఖండ్‌లో, హెలిప్యాడ్ సిబ్బందిలో. సీజన్‌లో గుప్తకాశీ, ఫాటా, సిర్సీ నుంచి కేదార్‌నాథ్‌కు హెలికాప్టర్లు తిరుగుతూనే ఉంటాయి. పైన ఎత్తు 3,580 మీటర్లకు పైమాటే. హెలిప్యాడ్ చదునుగానే కట్టినా దాని అంచు దాటితే అంతా వాలే. 2024 మే 24న యాత్రికులతో వచ్చిన ఒక హెలికాప్టర్ సాంకేతిక లోపంతో గిరగిరా తిరిగి హెలిప్యాడ్‌కు అవతల ఎగుడుదిగుడు వాలు మీద దిగింది. అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ వీడియో చూసినవారికి చదునైన చోటికీ వాలుకూ మధ్య ఎంత తక్కువ దూరం ఉంటుందో అర్థమవుతుంది.

మీరంతా లోపలి నుంచి మాట్లాడుతున్నారు. నేను బయట నిలబడేవారి గురించి చెబుతాను. వాలు మీద ఆగిన హెలికాప్టర్ దగ్గరకు ఎగువ వైపు నుంచి ఎవరూ రాకూడదు, ఆ వైపు ఎవరూ దిగకూడదు. ఎప్పుడూ దిగువ వైపు నుంచే, పైలట్‌కు కనిపించేలా, ఆయన సైగ చేశాకే. చదునైన చోట రెక్క తలకు ఎత్తుగానే ఉంటుంది, అందుకే యాత్రికులకు భయం ఉండదు. వాలు మీద ఎగువ వైపు నేలే పైకి లేచి రెక్కకు దగ్గరవుతుంది. తోక వైపు సరే సరి, చదునులోనైనా వెళ్లకూడదు. 2023 ఏప్రిల్‌లో కేదార్‌నాథ్ హెలిప్యాడ్‌లోనే ఒక అధికారి టెయిల్ రోటర్ తగిలి చనిపోయారు. హెలికాప్టర్ల వ్యవహారం తెలిసిన సంస్థలో పనిచేసిన మనిషే. సెల్ఫీల కోసం తోక పక్కకు నడిచే కుటుంబాలను ఆపేటప్పుడు మా గొంతు కటువుగా ఉంటుంది. దయచేసి అర్థం చేసుకోండి.

రోటర్_గణితం
మీరు చెప్పినదాన్ని అంకెల్లో పెడతాను. రోటర్ వ్యాసం 11 మీటర్లు, నేల నుంచి రోటర్ ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. చీతా కొలతలు ఇంచుమించు ఇవే. 10 డిగ్రీల వాలు మీద, సైక్లిక్ ఇంకా ఎగువకు పట్టి ఉండి రోటర్ తలం క్షితిజ సమాంతరంగా ఉంటే, ఎగువ వైపు రెక్క అంచు కింద నేల దాదాపు ఒక మీటరు పైకి వచ్చి ఉంటుంది. మిగిలే ఖాళీ 2 మీటర్లు. చెయ్యెత్తిన మనిషి, భుజాన సంచి ఉన్న మనిషి, స్ట్రెచర్‌కు సెలైన్ సీసా పట్టుకున్న మనిషి అందులో పట్టరు. సైక్లిక్ మధ్యకు వచ్చాక రోటర్ తలం వాలుకు సమాంతరమై ఆ ఖాళీ పెరుగుతుంది. కాబట్టి సైక్లిక్ మధ్యకు రాకముందే తలుపు తెరవనివ్వడం పెద్ద తప్పు. గాలి విసిరినప్పుడు రెక్కలు కిందికి ఊగుతాయి కనుక ఆ తరువాత కూడా ఎగువ వైపు నిషేధమే.

నేలమీది_మనిషి
ఈ లెక్క రాసి మా గదిలో అంటిస్తాను సార్.

వాలు ఎంతో నేల మీదివాళ్లం చెప్పగలిగే సులువైన పద్ధతి కూడా ఉంది. ఒక మీటరు కర్రను ఎగువ కొస నేలకు ఆనించి, మేస్త్రీలు వాడే రసమట్టంతో సమంగా పట్టుకోవాలి. దిగువ కొస కింద ఖాళీ 9 సెంటీమీటర్లుంటే 5 డిగ్రీలు, 18 ఉంటే 10 డిగ్రీలు. స్కిడ్‌లు పడే చోటే కొలవాలి, నాలుగడుగుల అవతల కాదు. మెత్తటి నేల అయితే మడమతో తొక్కి చూడాలి. దిగువ స్కిడ్ ఒక బెత్తెడు దిగబడినా వాలు మారిపోతుంది.

విశాఖ_డెక్
విశాఖలో నౌకాదళంలో, అక్కడి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాకు అనుబంధంగా ఓడల మీద డెక్ పనిలో ఉండేవాణ్ని. కొండ వాలు కనీసం కదలదు. మాకు డెక్ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వాలుతుంది. ఓడ ఊగులాట కాసేపు నెమ్మదించే సమయం కోసం పైలట్ హోవర్‌లో కాచుకుని ఉంటారు. ఆ సమయం రాగానే తటపటాయించకుండా దించేస్తారు. దిగగానే గొలుసులతో కట్టేస్తాం. లేచే ముందు గొలుసులన్నీ విప్పి, అవి పైలట్‌కు కనిపించేలా చేత్తో ఎత్తి చూపుతాం. ఒక్క గొలుసు మిగిలిపోయినా ఆ చక్రం చుట్టూ యంత్రం తిరగబడుతుంది, గణితం గారు చెప్పినట్టే.

కొండల్లో గొలుసులు ఉండవు గానీ రాత్రికి గడ్డకట్టిన బురద, స్కిడ్ కిందికి దూరిన వేరు, సామాను తాడు ఉంటాయి. లేచే ముందు ఎవరైనా ఒకరు నాలుగు వైపులా చూసి బొటనవేలు ఎత్తే ఏర్పాటు ఉండాలన్నది నా అభిప్రాయం.

పాత_చీతా
నూటికి నూరు పాళ్లు నిజం. మంచు మీద రాత్రంతా నిలిచిన స్కిడ్‌లు అతుక్కుపోతాయి. అలాంటప్పుడు కలెక్టివ్ పెంచి పీకడం కాదు, ముందు కిందికి దిగి విడిపించాలి.

వాలు నుంచి లేవడం గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. ఇది దించడానికి తలకిందుల వరస. ఆర్పీఎం పూర్తిగా తెచ్చుకుని, సైక్లిక్ ఎగువకు పెట్టి, కలెక్టివ్ మెల్లగా పెంచాలి. దిగువ స్కిడ్ ముందు లేస్తుంది. అది లేస్తున్న కొద్దీ సైక్లిక్‌ను మధ్యకు తెచ్చుకుంటూ ఉండాలి. ఎగువకు పెట్టిన సైక్లిక్‌ను అలాగే మరిచిపోతే, యంత్రం సమతలం దగ్గర ఆగకుండా దాటిపోయి కొండ మీదికే పొర్లుతుంది. కలెక్టివ్ తొందరగా పెంచితే ఎగువ స్కిడ్ ముందు లేచి లోయ వైపుకు పొర్లుతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య ఉన్న దారి సన్నం. అందుకే యంత్రం సమం అయ్యాక ఒక్క ఊపిరి ఆగమంటాను. ఎగువ స్కిడ్ ఒక్కటే ఆనుకుని, అంతా నిలకడగా ఉందని చూసుకుని, అప్పుడు నిటారుగా లేవాలి. లేచాక తోకను కొండ వైపు తిప్పకూడదు. కొండకు దూరంగా జరిగి, ఆ తరువాతే మలుపు.

జనం ఎక్కి దిగాక బరువు మారుతుందని మరిచిపోవద్దు. వాలు మీద అందరూ దిగువ తలుపు నుంచే ఎక్కుతారు, సామాను కూడా ఆ వైపే పెట్టేస్తారు. దిగేటప్పుడు సరిపోయిన సైక్లిక్ లేచేటప్పుడు చాలకపోవడానికి ఇదొక పెద్ద కారణం. లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో పైలట్ చెప్పి తీరాలి.

వరద_సాయం
స్వచ్ఛంద సహాయక బృందంలో పనిచేస్తున్నాను. కొన్ని వీడియోల్లో హెలికాప్టర్ ఒక్క స్కిడ్ లేదా స్కిడ్ ముందు కొన మాత్రమే కొండకు ఆనించి మనుషుల్ని ఎక్కించుకుంటుంది. 2018 కేరళ వరదల్లో నౌకాదళ సీకింగ్ హెలికాప్టర్ ఇంటి పైకప్పు మీద అలాగే చక్రాలు ఆనించింది కదా. పూర్తిగా దిగడం కుదరని వాలు మీద ఇదే మంచి పద్ధతి కాదా?

పాత_చీతా
అది వేరే విద్య. అక్కడ పైలట్ దిగడం లేదు, ఎగురుతూనే ఉన్నాడు. స్కిడ్‌ను ఒక గుర్తుగా మాత్రమే ఆనిస్తాడు, బరువు వేయడు. కేరళలో పైకప్పు బరువు మోయలేదని తెలిసే చక్రాలు తేలికగా ఆనించి నిలిపారు. 2005 మే 14న ఫ్రెంచి పైలట్ దిదియే దెల్సాల్ ఎవరెస్టు శిఖరం మీద ఎఎస్350 బి3 హెలికాప్టర్‌ను ఆనించి 3 నిమిషాల 50 సెకన్లు ఉన్నారు. అప్పుడూ రోటర్ తన శక్తితో యంత్రాన్ని పట్టే ఉంచింది.

ఆ కాసేపూ యంత్రం గణితం గారు చూపించిన 90 శాతం స్థితిలోనే ఉంటుంది. అందుకే స్కిడ్ దేనికీ తగులుకోకుండా ఉండాలి, శక్తి మిగులు కావాలి. ఎక్కేవారు ఒక్కొక్కరుగా, చెప్పినట్టే కదలాలి. ఒక మనిషి గబుక్కున ఒక పక్కకు ఎగబాకితే అక్కడే బరువు మారిపోతుంది. దాని కోసమే శిక్షణ పొందిన సిబ్బందికి అది ప్రాణాలు కాపాడే పని. మిగిలినవారు వించ్ (మనుషుల్ని తాడుతో పైకి లాగే యంత్రం) ఉన్న హెలికాప్టర్‌ను పిలవడం మేలు, లేదా మరికొంత దూరం మోసుకెళ్లి చదునైన చోటు చూసుకోవాలి.

తూనీగ
పౌర పైలట్‌గా నేను ఇంకా కటువుగా చెబుతాను. టికెట్టు కొన్న ప్రయాణికుల్ని ఆ పద్ధతిలో ఎవరూ ఎక్కించకూడదు, అంతే. పైగా 3,500 మీటర్ల ఎత్తున ఎండ పూట గాలి పలచబడి శక్తి మిగులు ఎంత ఉంటుందో మనకు తెలుసు. వాలు మీద నుంచి మానుకుని లేవాలన్నా శక్తి కావాలి. హోవర్‌కే చాలీచాలని శక్తితో వాలు మీదికి వెళ్తే, తప్పుకునే దారి ముందే మూసుకున్నట్టు.

వేదిక_నిర్వాహకుడు
చర్చ చక్కగా సాగుతోంది. ఒక మనవి. ప్రమాదాల ప్రస్తావన వచ్చినప్పుడు కంపెనీల మీద, పైలట్ల మీద నిందలు రాయకండి. అలాంటి రెండు వ్యాఖ్యలు తొలగించాను.

గగన_పథికుడు
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రేపు మళ్లీ వాలు పాఠమే. సైక్లిక్ మధ్యకు తేవడం గురించి చివరి ప్రశ్న. ఆర్44 రోటర్ రెండు రెక్కలది. సైక్లిక్ చివరికంటా పెట్టి ఉంచితే మాస్ట్‌కు దెబ్బ తగులుతుందని విన్నాను. నిజమేనా? ఇంకొకటి, ఒక స్కిడ్ ఆని ఉండగా యంత్రం వణకడం మొదలైతే ఏం చేయాలి?

రోటర్_గణితం
మొదటిది నిజం. రెండు రెక్కలూ తూగుడుబల్లలా కలిసి ఊగే టీటరింగ్ రోటర్‌లో హబ్ (రెక్కలు కలిసే నడిమి భాగం) మాస్ట్ మీద అటూ ఇటూ వంగడానికి ఒక హద్దు ఉంటుంది. వాలు మీద మాస్ట్ ఒక వైపు వంగి, రోటర్ తలం రెండో వైపు ఉంటే ఆ హద్దుకు దగ్గరవుతారు. హద్దు దాటితే హబ్ మాస్ట్‌ను కొడుతుంది. ‘సైక్లిక్ కొంత మిగిలి ఉండగానే మానుకోండి’ అని చీతా గారు చెప్పడానికి ఇదీ ఒక కారణం. హెచ్145 లాంటి హింజ్‌లు లేని రోటర్లలో ఇదే ఒత్తిడి మాస్ట్‌ను వంచే బలంగా కనిపిస్తుంది. దాన్ని చూపడానికి కాక్‌పిట్‌లో ప్రత్యేకంగా ఒక సూచిక ఉంటుంది.

పాత_చీతా
వణుకు సంగతి. చీతా, చేతక్ లాంటి మూడు రెక్కల ఆర్టిక్యులేటెడ్ (రెక్కలు కీళ్ల మీద విడివిడిగా కదిలే) రోటర్లలో అది గ్రౌండ్ రెసొనెన్స్ కావచ్చు, అంటే నేల మీద ఉండగా రోటర్ ఊపూ యంత్రం ఊపూ కలిసి పెరిగిపోవడం. క్షణాల్లో యంత్రాన్ని ముక్కలు చేస్తుంది. ఆర్పీఎం పూర్తిగా ఉంటే వెంటనే గాలిలోకి లేవండి. ఆర్పీఎం పడిపోయి ఉంటే కలెక్టివ్ అడుగుకు, థ్రాటిల్ మూసేయండి. మీ ఆర్44 లాంటి టీటరింగ్ రోటర్‌కు ఆ బెడద లేదు. మీకు వణుకు వస్తే చాలాసార్లు అది మీ చేతిదే అయి ఉంటుంది, సైక్లిక్‌ను అటూ ఇటూ కెలుకుతున్నారన్నమాట. ముంజేతిని తొడ మీద ఆనించుకోండి.

రేపు ఎగరడానికి ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఏ వాలును ఎంచుకోవాలో శిక్షకుడిని అడగండి. గాలి ఎగువ నుంచి వస్తే దాన్ని ఆపడానికీ సైక్లిక్‌ను ఎగువకే పెట్టాలి కనుక ఆ గాలి మీ మిగులును తింటుంది. మొదట ఎడమ స్కిడ్ ఎగువన, 3 డిగ్రీలకు మించని చోట. దిగువ స్కిడ్ ఆనించకుండానే, ఎగువ స్కిడ్ ఒక్కటి తాకించి మళ్లీ లేవడం సాధన చేయండి. అది చేతికి వచ్చాకే కలెక్టివ్ పూర్తిగా దించండి. ఎలా జరిగిందో ఇక్కడ రాయండి బాబూ.